మా మేనేజర్ గారు మంచివారే. మరి ఈ పాలసీలు ఎలా అమ్మిస్తున్నారు?

కొత్త ఆఫీసరు (ప్రశ్న):

అందరికీ నమస్తే. ఖమ్మం వైపు ఒక ప్రైవేటు బ్యాంకు బ్రాంచిలో పనిచేస్తున్నాను. బ్యాంకు పేరు, ఊరి పేరు అడగొద్దు, చెప్పను.

మాది పత్తి, మిర్చి పండే ఏరియా. వానాకాలం మొదలవగానే రైతులు క్రాప్ లోన్లు తిరగరాసుకోవడానికి వస్తారు. పాత బాకీ వడ్డీతో కట్టి మళ్లీ కొత్త లోన్ తీసుకోవడం. పట్టాదారు పాస్‌బుక్, ఆధార్, ఒక దొంతి సంతకాలు. ఆ కాగితాల మధ్యలో ఇంకో ఫారం ఉంటుంది, జీవిత బీమాది. లోన్ డబ్బులు ఖాతాలో పడగానే అందులోంచి ఇరవై వేలో పాతిక వేలో ప్రీమియం కింద వెళ్లిపోతాయి. చాలామంది అది పంట బీమా అనుకుంటారు. ప్రతి ఏడూ కట్టాలని తెలియదు. రెండో ఏడు కట్టరు, పాలసీ ల్యాప్స్ అవుతుంది, కట్టినదాంట్లో చాలావరకు పోయినట్టే.

ఇది తప్పా ఒప్పా అన్న చర్చ నాకొద్దు. తప్పే. నేను అడిగేది మా మేనేజర్ గారి గురించి. ఎండాకాలంలో బ్రాంచి ముందు సొంత డబ్బులతో చలివేంద్రం పెట్టించారు. మా స్వీపరమ్మ కూతురి ఇంటర్ ఫీజు ఆయనే కట్టారు. ఎవరికీ చెప్పలేదు, ఆమే నాకు చెప్పింది. పింఛను కోసం వచ్చిన ముసలివాళ్లు నిలబడితే తను లేచి కుర్చీ వేయిస్తారు. అదే మనిషి సాయంత్రం అయ్యేసరికి "ఇయ్యాళ ఎన్ని లాగిన్లు?" అంటారు, అంటే ఎన్ని కొత్త పాలసీలు ఎక్కించారని. ఒకసారి ధైర్యం చేసి అడిగాను. "పొదుపే కదమ్మా, రేపు ఆయనకేమన్నా అయితే పిల్లలకొస్తది" అన్నారు. అబద్ధం ఆడుతున్నట్టు లేదు. నిజంగానే నమ్ముతున్నారు.

రోజూ నాలుగింటికి రీజినల్ ఆఫీసు కాల్ ఉంటుంది. ఆ రోజు ఒక్క పాలసీ కూడా చేయని బ్రాంచీల పేర్లు అందరి ముందూ చదువుతారు. మా పేరు వచ్చిన రోజు ఆయన టీ కూడా తాగరు.

ఇంత మంచి మనిషి ఇది ఎలా చేయగలుగుతున్నారు? బ్యాంకుల్లో, ఆఫీసుల్లో చూసినవాళ్లు, సైకాలజీ చదివినవాళ్లు చెప్పండి. "రాజీనామా చెయ్" అనేవాళ్లకి ముందే ఒక దండం. ఇంట్లో నా జీతమే ఆధారం.

---

రిటైర్డ్ ఇన్‌స్పెక్టరు, గుంటూరు:

అమ్మా, నేను ఒక బ్యాంకు ఇన్‌స్పెక్షన్ విభాగంలో చేసి రిటైరయ్యాను. బ్రాంచీలు తిరగడం, రికార్డులు తిరగేయడం, అదే జీవితం. సైకాలజీ చదవలేదు, చూసింది చెబుతాను. పొడుగవుతుంది. ఓపిక లేనివాళ్లు కిందికి వెళ్లిపోండి, ఏమీ అనుకోను.

ఉద్యోగం కొత్తలో, అవకతవకలు జరిగాయన్న బ్రాంచికి వెళ్తే నేను ముందు మనిషి కోసం వెతికేవాణ్ణి. పేకాడతాడా, గుర్రప్పందేలా, చిట్టీలు ఎత్తి మునిగాడా అని. సొంత జేబులో వేసుకున్న కేసుల్లో అలాంటివాడు దొరికేవాడు కూడా. కానీ మీరు చెబుతున్న రకం, బ్రాంచి మొత్తం కలిసి నడిపించే రకం, అందులో మనిషి దొరకడు. ఫైలు తెరిస్తే నాలుగు సంతకాలుంటాయి. ఒక్కొక్కరినీ విడిగా కూర్చోబెట్టి అడిగితే, తన వంతు పని తను పద్ధతిగానే చేశానంటాడు. కాగితం చూస్తే అదీ నిజమే. ఫారం నింపినవాడు నింపాడు, కంప్యూటర్లో ఎక్కించే మేకర్ ఎంట్రీ వేశాడు, దాన్ని సరిచూసే చెకర్ ఆథరైజ్ చేశాడు, మేనేజరు పై ఆఫీసుకి ఫిగరు పంపాడు. తిలాపాపం తలా పిడికెడు.

ఈ మేకర్, చెకర్ పద్ధతి పెట్టిందే ఒకరి తప్పు ఇంకొకరు పట్టుకోవాలని. నేను చూసినంతలో అది చేసే రెండో పని ఎవరూ చెప్పరు. మేకరేమో "పైన చెకర్ ఉన్నాడుగా, చూసుకుంటాడు" అనుకుంటాడు. చెకరేమో "రైతు ఎదురుగా కూర్చుంది మేకరే, అన్నీ చెప్పే ఉంటాడు" అనుకుంటాడు. చివరికి రైతుతో ఎవరూ మాట్లాడరు. ఇద్దరికీ రాత్రి నిద్ర పడుతుంది.

మార్చి 31 సంగతి కూడా చెప్పాలి. బ్యాలెన్స్ షీటులో డిపాజిట్ ఫిగరు బాగుండాలని పెద్ద పార్టీని బతిమాలి డబ్బు తెచ్చి, ఆ రాత్రికి ఉంచి, ఏప్రిల్ మొదటి వారంలో సాగనంపడం. మా రోజుల్లో దీన్ని తప్పు అన్నవాణ్ణి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. చేయలేని మేనేజర్ని మాత్రం చేతకానివాడు అనేవారు. కొత్త కుర్రాడికి మొదటి మార్చిలో మనసొప్పదు, ముఖం ముడుచుకుని తిరుగుతాడు. రెండో మార్చికి పార్టీలకి ఫోన్లు తనే చేస్తుంటాడు. మధ్యలో వాడు చెడిపోయాడా? లేదు. ఆ ఆఫీసులో పనంటే ఏమిటో నేర్చుకున్నాడు, అంతే.

మన తెలుగువాళ్లకి బాగా తెలిసిన ఉదాహరణ హైదరాబాద్ సాఫ్ట్‌వేర్ కంపెనీ సత్యం. 2009 జనవరి 7న దాని ఛైర్మన్ రామలింగరాజు బోర్డుకి రాసిన ఉత్తరం ఎక్కడైనా దొరికితే ఒకసారి చదవండి. పుస్తకాల్లో నగదు, బ్యాంకు నిల్వలు 5,361 కోట్లు. అందులో లేనిది 5,040 కోట్లు. సెప్టెంబరు త్రైమాసికంలో నిర్వహణ లాభం 649 కోట్లు, అంటే ఆదాయంలో 24 శాతం అని చూపారు. అసలు వచ్చింది 61 కోట్లు, 3 శాతం. అందరికీ ఆ ఉత్తరంలో పులి గుర్తుండిపోయింది, పులి మీద స్వారీలా అయిపోయింది, దానికి ఆహారం కాకుండా దిగడం ఎలాగో తెలియలేదు అన్న మాట. నాకు దానికంటే పైనున్న మాట ముఖ్యం. అసలు లాభానికీ చూపిన లాభానికీ మొదట్లో తేడా చాలా కొద్దిగా ఉండేదనీ, ఏళ్లు గడిచేకొద్దీ పెరిగిందనీ రాశారు.

ఆయన రాసినవన్నీ నమ్మమని నేను చెప్పను. ఈ ఒక్కటి మాత్రం నా అనుభవానికి సరిపోతుంది. ఐదు వేల కోట్లు దొంగలెక్క రాయమంటే ఏ అకౌంటెంటూ రాయడు. ఈ మూడు నెలలకి కాస్త పెంచు, వచ్చే మూడు నెలల్లో వ్యాపారం పుంజుకోగానే సరిచేద్దాం అంటే రాస్తాడు. తర్వాత త్రైమాసికంలో పోల్చుకునేది నిజంతో కాదు, పోయినసారి రాసినదాంతో. దాని మీద ఇంకో కాస్త. ప్రతిసారీ అడుగు చిన్నదే. పైగా ఆ అంకెకి తగ్గట్టు ఇన్‌వాయిసులు కావాలి, బ్యాంకు స్టేట్‌మెంట్లు కావాలి, ఫిక్స్‌డ్ డిపాజిట్ రసీదులు కావాలి. వేల సంఖ్యలో దొంగ ఇన్‌వాయిసులు దర్యాప్తులో బయటపడ్డాయి. అవన్నీ ఎవరో ఒకరు కంప్యూటర్ ముందు కూర్చుని, మధ్యలో టీ తాగి, చేసినవే. 2015 ఏప్రిల్‌లో హైదరాబాద్ ప్రత్యేక కోర్టు దోషులుగా తేల్చిన పదిమందిలో ఫైనాన్స్ విభాగం ఉద్యోగులున్నారు, ఇంటర్నల్ ఆడిట్ చూసిన ఆయన కూడా ఉన్నారు. (శిక్ష ఆ తర్వాతి నెలే పైకోర్టులో సస్పెండ్ అయింది, అది వేరే కథ.)

నన్ను ఎక్కువ బాధపెట్టింది ఆడిటర్ల సంగతి, మా జాతి కాబట్టి. కంపెనీ ఫలానా బ్యాంకులో ఇంత డబ్బుందంటే ఆడిటర్ ఆ బ్యాంకుకి నేరుగా రాయాలి, జవాబు నేరుగా తన ఆఫీసుకే తెప్పించుకోవాలి. సీఏ ట్రైనింగ్‌కి ఆర్టికల్స్‌లో చేరిన కుర్రాడికి నేర్పే పాఠమిది. 2011 ఏప్రిల్‌లో అమెరికా స్టాక్ మార్కెట్ నియంత్రణ సంస్థ ఎస్ఈసీ, సత్యం ఆడిట్ చూసిన ప్రైస్ వాటర్‌హౌస్ భారత సంస్థలకి 60 లక్షల డాలర్ల జరిమానా వేసినప్పుడు ముఖ్యంగా ఎత్తిచూపింది ఇదే. ఆ ఉత్తరాలు పంపడం, జవాబులు తెప్పించడం కంపెనీ చేతికే వదిలేశారని. అందరూ డబ్బు తిన్నారనే అంటారు. నాకైతే ఇంకోటి కూడా అనిపిస్తుంది. ఏళ్ల తరబడి ఎదురుగా కూర్చుని కాఫీ ఇప్పించే మనిషి ముందు "మీ కాగితం నేను నమ్మను, బ్యాంకునే అడుగుతా" అనడానికి నోరు రాదు. నాకూ బ్రాంచీల్లో నోరు పెగలని రోజులుండేవి. అందుకే ఇన్‌స్పెక్షన్‌కి వెళ్తే బ్రాంచి భోజనం ముట్టేవాణ్ణి కాదు. గర్విష్టి అనేవారు. అననీ.

మీ మేనేజర్ గారి దగ్గరికొస్తే, ఆయన గుణం గురించి ఆలోచించడం ఆపండమ్మా. నాలుగింటి కాల్‌లో ఏమడుగుతున్నారో చూడండి. ఎన్ని లాగిన్లు అని అడుగుతున్నారు. పోయినేడు చేసిన పాలసీల్లో ఈ ఏడు ఎంతమంది కట్టారని ఎప్పుడైనా అడిగారా? అడగరు. అడగని ప్రశ్నకి జవాబు ఆయన ఎందుకు మోస్తాడు?

---

ఎర్రబస్సు:

పెద్దాయన చెప్పింది మంచిగనే ఉంది గానీ, పైసల సంగతి ఎవరూ చెప్తలేరు. "మంచోళ్లు, చిన్న చిన్న అడుగులు, పాపం నిద్ర" అనుకుంట పోతే చివరికి ఎవ్వరిదీ తప్పు కాదన్నట్టే అయితది.

అదే ఉత్తరంల నేను గానీ ఎండీ గానీ కంపెనీల ఒక్క రూపాయి తీసుకోలేదని కూడా రాసిండు. 2014 జులైల మన షేర్ మార్కెట్‌ను చూసే సెబీ ఏం జేసింది? అక్రమంగ వచ్చిన లాభం అని 1,849 కోట్లు వడ్డీతోని కట్టుమన్నది. ఆ లెక్క మీద అప్పీళ్లు నడిచినయ్, అంకె మారింది, గది వేరే ముచ్చట. 2008 డిసెంబర్ 16 నాడు రాజు కుటుంబానికే చెందిన మేటాస్ కంపెనీలను 160 కోట్ల డాలర్లు పెట్టి కొంటమని బోర్డుల పాస్ చేసిండ్రు. పెద్ద చదువులు చదివిన ఇండిపెండెంట్ డైరెక్టర్లు అందరూ ఒప్పుకున్నరు. షేర్‌హోల్డర్లు మొత్తుకుంటే గంటలల్ల రద్దు చేసుకున్నరు. దీంట్ల సైకాలజీ ఏమున్నది?

ఇంకోటి. అమెరికాల వెల్స్ ఫార్గో బ్యాంకు. ఒక్కో కస్టమర్‌కు ఎనిమిది ప్రొడక్టులు అంటగట్టాలె అని టార్గెట్. జనాలకు తెల్వకుండ లక్షల అకౌంట్లు తెరిచిండ్రు. 2016ల 18.5 కోట్ల డాలర్ల ఫైన్ పడ్డది. దాంతోని 5,300 మందిని కొలువుల నుంచి తీసేసినమని గొప్పగ చెప్పిండ్రు. ఎవరు వాళ్లు? చానమంది కింద బ్రాంచిల కూసుండేటోళ్లు. టార్గెట్ పెట్టినోని పేరు కాగితం మీద ఉండదు, అమ్మినోని సంతకం ఉంటది. చెల్లె, నీ బ్రాంచిల ఏదన్న అయితే మేకర్ ఐడీ ఎవలదో చూస్కో ముందుగాల.

---

పాఠం చెప్పే మేడమ్:

ఎంబీఏ పిల్లలకు ఆర్గనైజేషనల్ బిహేవియర్ చెబుతాను. ఎర్రబస్సు గారి కోపం న్యాయమైనదే. కానీ ప్రశ్న అడిగిన అమ్మాయి పైవాళ్ల లాభం గురించి అడగలేదు, తన పక్క కుర్చీలో మనిషి గురించి అడిగింది. ఆ ఇరవై ఐదు వేల ప్రీమియంలో ఆ మేనేజర్‌కి ఏమంత వస్తుంది?

నేను క్లాసులో ఎప్పుడూ డెన్నిస్ జోయా కథ చెబుతాను. 1972లో ఎంబీఏ చేసి ఫోర్డ్ కార్ల కంపెనీలో చేరాడు. కాలేజీ రోజుల్లో పెద్ద కంపెనీలంటే మండిపడే కుర్రాడు, లోపలికెళ్లి మారుస్తానని చేరాడు. ఏడాదిలోనే రీకాల్ విభాగం చేతికొచ్చింది. ఎక్కడెక్కడ ఏ కార్లో లోపం బయటపడుతోందో చూసి, వెనక్కి పిలవాలా వద్దా అని సిఫారసు చేసే పని. పింటో అనే చిన్న కారును వెనక నుంచి ఏదైనా ఢీకొంటే పెట్రోల్ ట్యాంకు పగిలి మంటలంటుకుంటున్నాయని రిపోర్టులు వచ్చాయి. కాలిపోయిన కారొకటి డిపోకి వస్తే వెళ్లి కళ్లారా చూశాడు కూడా. మీటింగులో ఓటు వేయాల్సి వచ్చినప్పుడు అందరితోపాటు రీకాల్ అక్కర్లేదనే వేశాడు. ఆ కారు చివరికి 1978లో రీకాల్ అయింది. అప్పటికి ఆయన ఫోర్డ్ వదిలేసి చదువు వైపు వెళ్లిపోయాడు, తర్వాత పెన్ స్టేట్ యూనివర్సిటీలో ప్రొఫెసర్ అయ్యాడు. 1992లో తన గురించే ఒక వ్యాసం రాశాడు.

అందులో నన్ను ఆపేసిన విషయం ఒకటుంది. ఆ రోజుల్లో ఆయన తోలిందీ పింటోయే. దాన్ని తర్వాత అమ్మింది ఎవరికో కాదు, సొంత తోబుట్టువుకి. ప్రమాదమని లోపల తెలిసి దాచిపెట్టే మనిషి ఆ పని చేస్తాడా? ఆయనకు అది తప్పు ఒప్పుల విషయంగా కనబడనే లేదు. రీకాల్‌కి రెండు గుర్తులుండాలి. ఒకే లోపం చాలా కార్లలో రావాలి, కారణం ఇదీ అని తేలాలి. రోజుకి ఎన్నో ఫైళ్లు చూసేవాడి కన్ను ఆ రెండింటి కోసమే వెతుకుతుంది. పింటోకి అవి సరిగ్గా కుదరలేదు. ఫైలు పక్కకెళ్లింది. మనుషులు కాలిపోవడానికి ఆ ఫారంలో గడి లేదు.

మీ దగ్గర గడులేమిటి? కేవైసీ ఉందా, సంతకం ఉందా, ఖాతాలో డబ్బుందా. రైతుకి అర్థమైందా అన్న గడి లేదు. రిటైర్డ్ సార్ చెప్పింది, జోయా రాసింది ఒకటేనని నాకనిపిస్తోంది. మీ మేనేజర్ గారు చలివేంద్రం దగ్గర మనిషిని చూస్తున్నారు, డెస్క్ దగ్గర ఫారం చూస్తున్నారు. ఆయన రెండు మొహాలవాడేమీ కాదు.

పని ముక్కలైపోతే ఏమవుతుందో చూపే ప్రయోగమొకటి ఉంది. స్టాన్లీ మిల్‌గ్రామ్ 1960ల మొదట్లో యేల్ యూనివర్సిటీలో చేసింది, అందరూ వినే ఉంటారు. తప్పు జవాబు చెప్పిన మనిషికి కరెంటు షాక్ ఇవ్వమంటారు. నిజానికి షాకులు ఉత్తవే, ఇచ్చేవాడికి ఆ సంగతి తెలియదు. ఎక్కువ మందికి మొదటి ఫలితమే తెలుసు, 40 మందిలో 26 మంది ఆఖరి మీట వరకూ నొక్కారని. ఆయన దాన్ని చాలా రకాలుగా మార్చి మార్చి చేశాడు. ఒక దాంట్లో మీట నొక్కేది పక్కవాడు, మనం చేసేది ప్రశ్నలు చదవడంలాంటి చిల్లర పని. అప్పుడు 40 మందిలో 37 మంది ఆఖరిదాకా కూర్చున్నారు. ఇంకో దాంట్లో మనతోపాటు ఉన్న ఇద్దరు మధ్యలో "మావల్ల కాదు" అని లేచిపోతారు. అప్పుడు ఆఖరిదాకా వెళ్లింది నలుగురే. అందరూ అదే ఊరి మామూలు జనం.

ఒక హెచ్చరిక, మా వాళ్ల మీదే. ఈ రంగంలో ప్రతి ప్రయోగాన్నీ నమ్మేయకండి. ఫారం పైభాగాన ముందే సంతకం పెట్టిస్తే జనం నిజాయితీగా నింపుతారని 2012లో పేరున్న పత్రికలో ఒక పరిశోధన వచ్చింది. ప్రభుత్వాలు కూడా దాన్ని వాడుకోవాలని చూశాయి. 2021లో దాన్ని వెనక్కి తీసుకున్నారు, డేటా కల్పించిందని తేలింది. నిజాయితీ మీద పరిశోధన! నేను దాన్ని సిలబస్‌లోంచి తీసేయలేదు. వేరే చాప్టర్లోకి మార్చాను.

---

మాజీ సత్యం, ఇప్పుడు డాలస్:

పైన సత్యం పేరు చూసి ఆగాను. ఒక్క మాట. మేము కోడ్ రాశాం, క్లయింట్లకు డెలివరీ ఇచ్చాం, రాత్రుళ్లు సపోర్ట్ చేశాం. ఆదాయం 2,700 కోట్లు అని చూపింది అబద్ధమే, కానీ అసలు వచ్చిన 2,112 కోట్లు మా చెమట. "ఆ ఆఫీసులో పనంటే అదే" అని ఇన్‌స్పెక్టర్ గారి మాటను సత్యం మొత్తానికి తగిలిస్తే ఒప్పుకోను. 2009 జనవరి 7 బుధవారం. ఆ పొద్దున మాకు తెలిసింది టీవీలోనే, మీలాగే. ఆ నెల జీతం వస్తుందో రాదో తెలియదు. సంబంధం దాదాపు కుదిరిన ఫ్రెండ్‌కి అమ్మాయి తరఫువాళ్లు ఫోన్ ఎత్తడం మానేశారు.

మీరెవరూ చెప్పని ఇంకో ముక్క ఉంది. 108 అంబులెన్సులు. 2005లో హైదరాబాద్‌లో మొదలై రాష్ట్రమంతా తిరిగాయి, ఎంతమంది ప్రాణాలు నిలబెట్టాయో లెక్కలేదు. దాన్ని మొదలుపెట్టింది రాజుగారి కుటుంబమే. ఊళ్లలో మంచినీళ్లు, బళ్లు, వైద్యం అని ఫౌండేషన్ వేరే. మేము చుట్టాలకి గర్వంగా చెప్పుకునేవాళ్లం. 2008లో కార్పొరేట్ గవర్నెన్స్‌కి గోల్డెన్ పీకాక్ అవార్డు వచ్చింది, స్కాం బయటపడ్డాక వెనక్కి తీసుకున్నారు.

అది ముసుగు కోసం చేసిన దానం అని తీసిపారేసేవాళ్లున్నారు. నాకలా అనిపించదు. చేసిన మంచి ఒక ఖాతాలో జమ అవుతూ ఉంటే, ఇంకోచోట కాస్త తీసుకునే హక్కు ఉందని మనిషికి లోపల అనిపిస్తుందేమో. అమ్మా, మీ మేనేజర్ గారి చలివేంద్రం చదవగానే నాకు ఇదే గుర్తొచ్చింది. ఆయన ఆ మంచితనం వల్లే ఇంకా ధైర్యంగా అమ్ముతున్నారేమో చూడండి. నేను చెడ్డవాణ్ణి కాదు, కాబట్టి నేను చేసేది చెడు కాదు అన్నట్టు.

---

రిటైర్డ్ ఇన్‌స్పెక్టరు, గుంటూరు:

డాలస్ బాబూ, ఒప్పుకుంటున్నా. "ఆఫీసు" అన్నప్పుడు నా మనసులో ఉన్నది ఆ ఫైనాన్స్ గది. వేలమంది మీద ఆ మాట పడకూడదు. ఎర్రబస్సు గారూ, మీరన్నదీ కొట్టిపారేయను. పైవాడికి దురాశ ఉంటుంది. కానీ ఆ దురాశకి కింద వందమంది చేతులు కావాలి, ఆ వందమందికీ దురాశ ఉండదు. నేను మాట్లాడింది ఆ చేతుల గురించి. పైవాడిని జైలుకి పంపండి, నేనొచ్చి సాక్ష్యం చెబుతా.

---

కొత్త ఆఫీసరు:

అందరికీ థ్యాంక్స్. 108 మాట చదివాక చాలాసేపు ఆలోచించాను. మేడమ్, "రైతుకి అర్థమైందా అన్న గడి లేదు" అన్నారు కదా, ఆ గడి నేనే పెట్టుకోవచ్చా? నా డెస్క్ దగ్గర మాత్రమే. మేనేజర్ గారితో గొడవ పడకుండా. ఇంకోటి, పోయిన వారం ఒక మిర్చి రైతుకి చేసిన పాలసీ బాండు ఇప్పుడే వాళ్లింటికి పోస్టులో వచ్చిందట. ఆయన భార్య బ్రాంచికొచ్చి "గిదేంది బిడ్డా, ఇరవై నాలుగు వేలు కట్ అయినయ్" అని అడిగింది. ఆమెకేం చెప్పాలి?

---

రిటైర్డ్ ఇన్‌స్పెక్టరు, గుంటూరు:

ఆవిడ పని ముందు చూడండి. పాలసీ బాండు చేతికందిన రోజు నుంచి 30 రోజుల్లోపు వద్దనుకుంటే వెనక్కిచ్చేయొచ్చు. ఫ్రీ లుక్ పీరియడ్ అంటారు, బాండుతో వచ్చిన కాగితాల్లోనే రాసి ఉంటుంది. స్టాంపు ఖర్చు, అన్ని రోజుల బీమా ఖర్చు, మెడికల్ ఏదైనా చేయించి ఉంటే అది, ఇవి పట్టుకుని మిగతాది ఖాతాలో వేస్తారు. దరఖాస్తు పెట్టాల్సింది పాలసీదారు, అంటే ఆ రైతే. ఒక తెల్ల కాగితం మీద పాలసీ నంబరు, బాండు అందిన తేదీ, "నాకు ఈ పాలసీ వద్దు" అని రాసి సంతకం. ఇన్సూరెన్స్ కంపెనీకి ఇచ్చి, అందినట్టు రసీదు తీసుకోమనండి. పోస్టు కవరు పారేయొద్దని చెప్పండి, దాని మీద తేదీ ఉంటుంది. నోటిమాటగా బ్రాంచిలో చెప్పి వెళ్లిపోతే మాత్రం ముప్పై రోజులు ఇట్టే గడిచిపోతాయి.

ఆ ఇంటికి నిజంగా బీమా కావాలంటే, ఆయన వయసు యాభై లోపు అయితే, ప్రధానమంత్రి జీవన్ జ్యోతి ఉంది. ఏడాదికి 436 రూపాయలు, ఏ కారణంతో పోయినా రెండు లక్షలు. ప్రమాదానికి వేరే ఉంది, ఏడాదికి 20 రూపాయలే. మీ బ్రాంచిలోనే చేయొచ్చు. వాటికి ఏ కాల్‌లోనూ చప్పట్లు కొట్టరు కాబట్టి ఎవరూ గుర్తుచేయరు.

మీ డెస్క్ సంగతి. సంతకానికి ముందు ఒక్క ప్రశ్న అడగండి: "ఇది పంట బీమా కాదు, ఏటా ఇంత కట్టాలి, ఇన్నేళ్లు. కట్టగలరా?" వాళ్లేమన్నారో ఫారం వెనక వాళ్ల మాటల్లోనే పెన్సిల్‌తో కాదు, పెన్నుతో రాయండి, తేదీ వేయండి. గొడవ పడాల్సిన పనిలేదు. లోన్‌కి బీమా ముడిపెట్టి బలవంతం చేయకూడదని రిజర్వు బ్యాంకే అంటోంది, మీరు చేస్తున్నది నిబంధన పాటించడమే. సగం మంది వద్దంటారు, లాగిన్లు తగ్గుతాయి, మీ పేరు కాల్‌లో వినబడుతుంది. దానికి సిద్ధంగా ఉండండి. ఆ బ్రాంచిలో ఇంకెవరికైనా మీలాగే అనిపిస్తోందేమో మెల్లగా కనుక్కోండి. మేడమ్ చెప్పిన ప్రయోగంలో ఆ ఇద్దరూ లేచిపోయాక ఏమైందో చూశారుగా.

---

ఎర్రబస్సు:

చెల్లె, ఫారం వెనక రాసింది ఫోన్‌ల ఫొటో తీసి పెట్టుకోకు, కస్టమర్ కాగితాలు బయటికి తీసినవని నీ మీదికే తెస్తరు. తేదీ, ఫారం నంబరు మాత్రం నీ డైరీల రాసుకో. ఆ మిర్చి రైతు దరఖాస్తు ఎప్పుడు పెట్టిండో, పైసలు ఎప్పుడు వచ్చినయో ఇక్కడ చెప్పు.